మగ్గానికి కట్టిన ఫోన్

"నెట్‌వర్క్ లేదు" అనే మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకప్పుడు మా సిద్దిపేటలో మాట తప్పించుకోవాలనుకున్నవాళ్ళు జ్వరమొచ్చిందనో, ఊరికి పోయామనో ఏదో ఒకటి కల్పించి చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు. వీడియో ఆగిందా, నెట్‌వర్క్. మాట తెగిందా, నెట్‌వర్క్. అడిగినదానికి జవాబు చెప్పడం ఇష్టం లేదా, అదీ నెట్‌వర్కే. బాపు, అంటే మా నాన్న, కాలు విరిగి మహారాష్ట్రలోని భివండీలో మంచాన పడ్డ కొన్ని నెలలు నేను ఈ ఒక్క మాటతోనే పోట్లాడాను.

బాపు చుట్టాల పెళ్ళికని భివండీ పోయి, అన్న వాళ్ళ గది మెట్ల మీద జారిపడ్డాడు. అన్న చాలా ఏళ్ళుగా అక్కడే పవర్‌లూముల్లో పనిచేస్తున్నాడు. అక్కడి దవాఖానలోనే కాలికి రాడ్ వేశారు, ఎముక అతికేదాకా ప్రయాణం వద్దన్నారు. ఇక్కడ ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. గొల్లభామ చీర అది. తల మీద కుండ పెట్టుకుని, చేతిలో ముంత పట్టుకుని నడిచే ఆడమనిషి బొమ్మ అంచు పొడవునా వరసగా రావాలి, కొంగు మీద పెద్దగా రావాలి. బాపు అంచు మీద కొందరు గొల్లభామలను నడిపించి పెళ్ళికి పోయాడు. మిగతావాళ్ళు ఇంకా దారాల్లోనే ఉన్నారు.

నేను పెళ్ళయ్యాక కూడా పెద్ద దూరం పోలేదు. బాపు ఇంటికీ మా ఇంటికీ మధ్య రెండు సందులు. అవ్వ, అంటే మా అమ్మ, పోయినప్పటి నుంచి ఆయనకు నూలు కండెలు చుట్టిపెట్టేది నేనే. సాదా నేత నాకు వచ్చు. బాపు చాయ్ తాగడానికి లేస్తే నేను మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, అడ్డపోగు మోసే నాడె విసిరేదాన్ని. కానీ గొల్లభామ దగ్గరికి వచ్చేసరికి "జరుగవే" అని ఆయనే వచ్చి కూర్చునేవాడు. ఏ నిలువు పోగులను వేలితో ఎత్తాలి, రంగు దారం ఎంత బిగువుగా లాగాలి అన్నది ఆయన చేతికే తెలుసు. నోటితో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆయన ఎటు పోతాడులే అనుకున్నాను.

ఆపరేషన్ అయి ఇంటికి తీసుకుపోయాక ఒకరోజు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లే, బాపు ఇగ గుంటల కూసోలేడే. డాక్టరు గట్టిగ చెప్పిండు. ఆ చీర ఎట్లనో ఒకట్ల కోసెయ్యి. మగ్గం ఇప్పేద్దాం. రోడ్డు మొకాన ఉన్న అర్ర గదా, రెండు షట్టర్లు వేస్తే కిరాయి వస్తది."

"బాపు ఏమన్నడు?" అన్నాను.

"బాపు సరే అన్నడు. ఆయన చెప్తేనే నీకు చేస్తున్న ఫోను."

వారం తిరక్కుండానే అన్న పంపిన మేస్త్రీ వచ్చాడు. తలుపు తీసింది నేనే. అతను టేపు పెట్టి కొలిచి, మగ్గం వెనక గోడ మీద ఎర్రటి గీతలు గీసి, షట్టరు ఇక్కడి నుంచి ఇక్కడికి అని నాకే వివరించి పోయాడు. బాపు మీద వచ్చిన కోపం నా జీవితంలో ఎవరి మీదా రాలేదు. పుట్టినప్పటి నుంచి ఆ మగ్గం చప్పుడు విన్న మనిషిని నేను. నాతో ఒక్క మాటైనా అనకుండా అన్నతో సరే అంటాడా! అడగాలని ఫోన్ చేస్తే ఎప్పుడూ అన్నే ఎత్తేవాడు. ఒక్కసారి బాపు ఎదురుగా ఉన్నప్పుడు "బాపూ, మగ్గం సంగతి..." అని మొదలుపెట్టాను. వీడియో ఆగింది, కాల్ తెగింది. మళ్ళీ అడగడానికి నాకు రోషం అడ్డొచ్చింది. అడగను, చేసి చూపిస్తాను అనుకున్నాను. ఆయన పక్కన లేకుండా గొల్లభామలను నేసి, వీడియో కాల్‌లో ఆయన కళ్ళ ముందే నేసి, మగ్గం ఎందుకు ఇప్పాలో అప్పుడు చెప్పమంటాను అనుకున్నాను.

ఫొటోలు పంపిస్తే సరిపోదా అని అందరూ అడిగారు. సరిపోదు. నేత అయిపోయిన బొమ్మ ఫొటోలో తప్పు కనిపిస్తుంది కానీ తప్పు ఎక్కడ పుట్టిందో కనిపించదు. రికార్డు చేసి పంపితే బాపు చూసేసరికి దాని మీద ఇంకో జానెడు నేత పడుతుంది, అదంతా ఇప్పాల్సి వస్తుంది. నా వేలు పోగు కిందికి దూరుతున్నప్పుడే "అది కాదు" అనాలి ఆయన. అందుకే వీడియో కాల్.

నేయడానికి రెండు చేతులూ కావాలి, ఫోన్ పట్టుకునేదెవరు? మా ఇళ్ళలో మగ్గం దగ్గరికి వచ్చిన ఏ వస్తువైనా మగ్గానికే కడతాం. కత్తెర మగ్గానికే, కండెల సంచి మగ్గానికే, బాపు కళ్ళద్దాలకు కూడా పై బద్దకు ఒక దారం ఉండేది. నేను రెండో ఆలోచన లేకుండా మిగిలిపోయిన నిలువు పడుగు దారాలు పేని, ఫోన్‌ను నా నెత్తి మీది బద్దకు కిందికి చూసేలా వేలాడదీశాను. సరిగ్గా నా చేతుల మీదికి ఉంది. ఎంత బాగా కట్టానో అని మురిసిపోయాను కూడా.

ఇక అవతలి వైపు సంగతి. భివండీలో వీడియో కాల్ వచ్చిందంటే ఫోన్ తిన్నగా బాపు దగ్గరికి పోదు. అన్న ఎత్తాక ముందు వదిన, తర్వాత పక్క గదివాళ్ళు, వాళ్ళ వెనక మా పక్కూరు చిన్నకోడూరు నుంచి వచ్చి అక్కడ పనిచేసే వరసకు మామయ్య, అందరి మొహాలూ దాటాలి. మనిషిని చూసి పలకరించకపోతే తప్పు మాకు.

"తిన్నవా బిడ్డా? ఏం కూర?"

"బెండకాయ, మామా. బాపుకియ్యరాదే ఫోను."

"ఇస్తగనీ, పిల్లలు మంచిగున్నరా? ఆడ వానలు వడ్డయా?"

వానలు పడ్డాయి, పడలేదు, నీకేంటయ్యా అని అరవాలనిపించేది. అది చాలదన్నట్టు అన్నకు ఇంకో అలవాటు. "చిన్నాయనను గూడ కలుపుత ఆగు" అని మస్కట్‌లో ఉన్న చిన్నాయనను కాల్‌లో చేర్చేవాడు. చిన్నాయన కెమెరా పెట్టుకుని అన్నం తినేవాడు. నేను గుంటలో, బాపు మంచం మీద, మామయ్య గుమ్మంలో, చిన్నాయన పళ్ళెం ముందు. ఒక పోగు ఎత్తడం నేర్చుకోవడానికి మూడు చోట్ల నుంచి ఇంత మంది!

ఇంతా చేసి నేత మొదలుపెట్టగానే వీడియో ఆగిపోయేది. బాపు మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయేది. "ఆ పో..." అనేవాడు, తర్వాత మాట రాదు. ఆ పోగా? పోనియ్యా? చాలాసేపటికి కదిలితే అప్పటికి నాడె ఇటు నుంచి అటు పోయి ఉండేది. ఇప్పుకోవడం, మళ్ళీ నేయడం. నా వేలి గోళ్ళన్నీ పగిలాయి. రంగు దారం నలిగి నూగు లేచింది.

బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం అతని దగ్గరికి పోయాను. అతను నా ఫోన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూశాడు.

"అక్కా, గిది పాతగైంది. కొత్తది తీసుకో. లేకుంటే సిమ్ము మార్చు."

సిమ్ము మార్చాను. అదే తీరు. మళ్ళీ పోతే "మీ గోడలు మందమున్నయేమో" అన్నాడు. బాపు ఇంటి అరుగు మీద కూర్చుని వీధిలోవాళ్ళు సినిమాలు చూస్తూంటే ఆగని వీడియో, మగ్గమున్న అర్రలోకి వచ్చేసరికి ఎందుకు ఆగుతుందయ్యా అంటే మళ్ళీ కొత్త ఫోన్ల వైపే చూపించాడు. ఇంకొకటి కూడా అడిగాను. తిన్నవా, బాగున్నవా అని మాట్లాడుకున్నంతసేపు చక్కగా వస్తుంది, నేయడం మొదలుపెడితేనే ఆగుతుంది, అదేంటి అని. అతను నవ్వాడు. ఈ మాట అన్నకు చెబితే అన్న ఇంకా గట్టిగా నవ్వాడు.

"మగ్గానికి నెట్టుకు పడదే చెల్లే. ఇడిసిపెట్టు ఇగ."

ఇడిసిపెట్టాలట! పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

అన్నిటికన్నా ఒళ్ళు మండిన రోజు వేరే ఉంది. ఆ మధ్యాహ్నమంతా బాపు "మంచిగున్నది బిడ్డా, మంచిగున్నది" అంటూనే ఉన్నాడు. నాకు గొంతెండి, గుంటలోంచి లేచి, కుండ దగ్గరికి పోయి నీళ్ళు ముంచుకుంటున్నాను. వెనక నుంచి బాపు గొంతు వినిపించింది.

"చెయ్యి మంచిగ తిరుగుతుంది బిడ్డా నీది."

గ్లాసు పట్టుకునే వెనక్కి తిరిగాను. మగ్గం మీద ఎవరూ లేరు. ఎప్పుడో ఆగిపోయిన వీడియోను చూస్తూ, కూతురు బాధపడుతుందని, చూస్తున్నట్టు నటిస్తున్నాడు నా బాపు. జీవితంలో ఒక్క తప్పు పోగును కూడా పోనీలే అనని మనిషి.

"నేను మగ్గం మీదనే లేను బాపూ!" అని అరిచాను. "ఇన్ని దినాల సంది గిట్లనే చెప్తున్నవా? నాకెందుకు చెప్పలేదు కనవడ్తలేదని?"

అవతలి నుంచి అన్న గొంతు వచ్చింది.

"నెట్‌వర్క్ మంచిగలేదే. మల్ల చేస్తం."

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. బాధతో కాదు, పచ్చి కోపంతో. అన్నాళ్ళూ ఆయన మెచ్చుకున్న గొల్లభామల వైపు చూస్తే ఒకామె మెడ పక్కకు వాలి ఉంది, ఇంకొకామె ముంత పట్టిన చెయ్యి లావెక్కి ఉంది. బాపు కళ్ళకు నిజంగా కనిపించి ఉంటే ఆ మెడను బతకనిచ్చేవాడా?

మర్నాడు కాల్ కలిపి ఆ కోపంతోనే కూర్చున్నాను. నేతను బిగించే పన్నెను ఎంత గట్టిగా గుద్దానంటే పై బద్దకు కట్టిన దారం పుటుక్కున తెగి ఫోన్ నా ఒళ్ళో పడింది. మళ్ళీ కట్టే ఓపిక లేదు. ఎదురు గోడలో దీపం పెట్టే గూడు ఉంటే అందులో ఫోన్‌ను నిలబెట్టి, నూలు ఉండ ఒకటి ఆనించి, వచ్చి నేసుకుంటున్నాను. ఎవరు చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి అనుకున్నాను. కొంతసేపటికి బాపు గొంతు.

"ఆగు! ఆగవే! ఎడమ దిక్కుది కాదు, దాని పక్క పోగు."

తలెత్తి చూశాను. ఆయన వేలు తెర మీద అటూ ఇటూ కదులుతోంది. ఆగడం లేదు. నేను పన్నె కొట్టాను. అయినా ఆగలేదు. ఇంకోసారి కొట్టాను. బాపు కనురెప్ప వేయడం కూడా కనిపించింది.

అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన ఘనకార్యం. తర్వాత ఫోన్‌లోనే వెతికి చదువుకున్నాను. వీడియో కాల్‌లో ప్రతి క్షణం బొమ్మంతా కొత్తగా పంపరు. ముందటి క్షణానికీ ఇప్పటికీ ఏది మారిందో ఎక్కువగా అదే పంపుతారు. గోడ కదలకపోతే గోడ గురించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు. మా నేత కూడా అంతే గదా. సాదా చోట నాడె దానంతటదే పరుగెత్తుతుంది, బొమ్మ వచ్చిన చోటే ఒక్కో పోగుకూ ఆగాలి. నేను ఫోన్‌ను మగ్గానికే కట్టాను. పన్నె కొట్టిన ప్రతిసారీ మగ్గంతో పాటు ఫోన్ ఊగేది, ఫోన్‌తో పాటు నేల, చీర, చేతులు, అన్నీ ఊగేవి. ఏదీ ముందున్న చోట ఉండేది కాదు. పాపం ఫోన్ ప్రతి దెబ్బకూ అర్ర మొత్తాన్ని మళ్ళీ కొత్తగా పంపాలని చూసి, అటు నుంచి వచ్చే బాపు బొమ్మను కూడా ఆపేసి చతికిలబడేది. సిమ్ము తప్పు లేదు, గోడల తప్పు లేదు. దేన్నైనా మగ్గానికే కట్టే మా బుద్ధిది తప్పు. ఇంత చిన్న సంగతి దుకాణంలో అతను చెప్పలేడా అని అతని మీద కూడా ఇంకోసారి కోపం వచ్చింది.

ఇక ఎవరినీ వదల్లేదు నేను. చిన్నాయనకు విడిగా ఫోన్ చేసి, "నువ్వు కాల్ల ఉంటే బాపుకు నా చెయ్యి కనవడది, నీకు ఐతారం నాడు చేస్త" అని చెప్పాను. ఆయన అలిగాడు, అలగనీ. మామయ్యకు వానలన్నీ ముందే వాట్సాప్‌లో చెప్పేశాను. వీడియో నాణ్యతను ఒక మెట్టు తగ్గించాను. కొంచెం మసక ఉన్నా ఫరవాలేదు, ఆగకుండా రావాలి నాకు. ఫోన్ వేడెక్కకుండా గూట్లోకి ఎండ రాకుండా చాప అడ్డం కట్టాను. అన్నకు మాత్రం ఒకటే చెప్పాను.

"నువ్వు ఫోను పట్టుకోని తిరగకు. బాపు మంచం పక్క కిటికి దగ్గర నిలవడు."

"చెయ్యి గుంజుతదే."

"గుంజనియ్యి."

తర్వాతి రోజు మొదటి నుంచి చివరిదాకా సాఫీగా వచ్చింది. అంత సాఫీగా వచ్చాక బాపు నోటికి హద్దు లేకుండా పోయింది. "మంచిగున్నది" అన్న మాట మాయమైంది. "ఏం కండ్లే నీయి?" అన్నాడు. "దారం లాగుతున్నవా, బర్రెను లాగుతున్నవా?" అన్నాడు. మెడ వాలినామెను చూసి "గామె మెడకేమైందే, నిద్రవోతుందా?" అన్నాడు. ఇప్పమన్నాడు. ఇప్పాను. చాలా రోజుల తర్వాత ఆయన నన్ను తిడుతూంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. కొన్ని రోజులకు కొంగు మీది పెద్ద గొల్లభామ కుండ దాకా వచ్చింది. ఆ కుండ గుండ్రంగా తిరిగినప్పుడు ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన మెచ్చుకోవడం.

ఇప్పుడు అడగాలి అనుకున్నాను. నోరు తెరవబోతూంటే, అన్నాళ్ళూ నా వేళ్ళ మీదే ఉన్న కళ్ళు పైకెత్తి ఆయనే అడిగాడు.

"నీ ఎనక గోడ మీద గీ గీతలేంది బిడ్డా? ఎర్రగ?"

పైనుంచి వేలాడినన్ని రోజులు ఫోన్‌కు నా చేతులు, చీర తప్ప ఇంకేం కనిపించలేదు. గూట్లో పెట్టాక అర్ర అంతా కనిపిస్తోంది. నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"షట్టర్లకు," అన్నాను. "మేస్త్రీ గీసి పోయిండు. మగ్గం ఇప్పుమని నువ్వే అన్నవట గద."

బాపు మొహం ఎక్కడా ఆగలేదు. కనుబొమలు దగ్గరికి రావడం చూశాను. తర్వాత ఆయన మెల్లగా తల తిప్పి, ఫోన్ పట్టుకున్న మనిషి వైపు పైకి చూశాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఇన్ని రోజులు నేను ఆయన మీద పళ్ళు నూరుకుంటూ ఉన్నాను, ఆయనకు అసలు ఏమీ తెలియదు.

అప్పుడు కదిలింది అవతలి ఫోన్. కిటికీ, పైకప్పు, మంచం కోడు, అన్నీ గళ్ళుగళ్ళుగా ఊగిపోయాయి. అన్న గొంతు వచ్చింది.

"చెల్లే, నెట్‌వర్క్ మంచిగలేదే, మల్ల చేస్తం..."

"పెట్టెయ్యకు," అన్నాడు బాపు. "ఆ స్టూలు మీద పెట్టు ఫోను. కదలకుండ పెట్టు."

ఊగడం ఆగింది. ఒక్కో గడీ కలిసి, బాపు మొహం మళ్ళీ నిలబడింది. ఆయన పక్కన అన్న నడుము దాకానే కనిపిస్తున్నాడు, తల కనిపించడం లేదు. వంగి తెరలోకి వస్తాడేమో, ఒక్క మాటైనా చెబుతాడేమో అని చూశాను. రాలేదు.

"బాపూ, నిజంగనే నెట్‌వర్క్..." అని పైనుంచి నసిగాడు అన్న.

"నాకు మంచిగనే కనవడ్తుంది," అన్నాడు బాపు.

నాడె నా చేతిలోనే ఉంది. బాపు నా వైపు తిరిగాడు.

"నువ్వెందుకాగినవే? నెయ్యి," అన్నాడు.